జాన్ స్కాట్ హాల్డేన్

జాన్ స్కాట్ హాల్డేన్ (మే 2, 1860 - మార్చి 15, 1936) స్కాట్లండుకు చెందిన శరీరధర్మ శాస్త్రవేత్త, వైద్యుడు, తత్త్వవేత్త. మనిషి పీల్చే గాలిలో ఏ వాయువు ఎంత పాలు ఉన్నదో కచ్చితంగా కొలిచే పద్ధతులను రూపొందించాడు. ఆ పద్ధతులను ప్రయోగశాలకే పరిమితం చేయక పేదల ఇళ్ళకు, బడిగదులకు, బొగ్గుగనులకు, సముద్రం అడుగుకు, యుద్ధభూమికి తీసుకువెళ్ళాడు. బొగ్గుగనుల పేలుళ్ళలో కార్మికుల మరణాలకు ముఖ్యకారణం కార్బన్ మోనాక్సైడ్ అని నిరూపించిన ఘనత ఈయనది. గనులలో కానరీ పిట్టలను వాడే పద్ధతికీ, గజఈతగాళ్ళు నీటి అడుగు నుండి అంచెలంచెలుగా పైకి వచ్చే పద్ధతికీ మూలపురుషుడు ఈయనే. విషవాయువులను తానే పీల్చి, వాటి ప్రభావాన్ని నమోదు చేయడం ఈయన పరిశోధనలలో ఒక భాగం. సుప్రసిద్ధ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ ఈయన కుమారుడు.

బాల్యం, విద్యాభ్యాసం

హాల్డేన్ 1860 మే 2న ఎడిన్‌బరో నగరంలో జన్మించాడు. తండ్రి రాబర్ట్ హాల్డేన్ న్యాయవాద వృత్తిలో ఉండేవాడు. తల్లి మేరీ ఎలిజబెత్ బర్డన్ శాండర్సన్. మేనమామ జాన్ బర్డన్ శాండర్సన్ ఆనాటి ప్రముఖ శరీరధర్మ శాస్త్రవేత్తలలో ఒకడు. హాల్డేన్ శాస్త్రజీవితంపై ఈ మేనమామ ప్రభావం చాలా ఉన్నది. అన్న రిచర్డ్ బర్డన్ హాల్డేన్ రాజకీయాలలో ప్రవేశించి బ్రిటన్ యుద్ధమంత్రిగా, తరువాత లార్డ్ ఛాన్సలర్‌గా పనిచేశాడు. సోదరి ఎలిజబెత్ హాల్డేన్ రచయిత్రిగా పేరుపొందింది.

ఎడిన్‌బరో అకాడమీలో ప్రాథమిక విద్య ముగించుకొని, హాల్డేన్ ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ మొదట తత్త్వశాస్త్రం అభ్యసించి, ఆ తరువాత వైద్యవిద్య వైపు మళ్ళి 1884లో వైద్యపట్టా పొందాడు. కొంతకాలం జర్మనీలోని యెనా విశ్వవిద్యాలయంలో కూడా చదివాడు. పట్టా పొందినప్పటికీ వైద్యవృత్తి చేపట్టలేదు. జబ్బు చేసిన తరువాత చికిత్స చేయడం కన్న, మనుషులు పనిచేసే చోట్ల జబ్బుకు కారణమేమిటో వెదకడం వైపే ఈయన దృష్టి సాగింది.

డండీ నగరంలో గాలి పరీక్షలు

వైద్యవిద్య పూర్తి అయిన తరువాత హాల్డేన్ స్కాట్లండులోని డండీ నగరపు యూనివర్సిటీ కళాశాలలో చేరాడు. అక్కడి రసాయనశాస్త్ర ఆచార్యుడు థామస్ కార్నెల్లీతో కలిసి నగరంలోని ఇళ్ళలో, బడులలో గాలిని పరీక్షించాడు. డండీ జనపనార మిల్లులకు పేరుపొందిన నగరం. మిల్లుకూలీల కుటుంబాలు పెక్కు ఒకే గదిలో కాపురముండేవి. పరిశోధకులు అర్ధరాత్రి దాటిన తరువాత, ఇంటివారంతా నిద్రలో ఉండే వేళ, ముందుగా చెప్పకుండా వెళ్ళి సీసాలలో గాలిని పట్టుకొనేవారు. పగటివేళ తలుపులు తెరిచి ఉన్నప్పుడు పట్టిన గాలి ఆ ఇంటి అసలు స్థితిని తెలుపదు కాబట్టి వారు ఈ పద్ధతి అవలంబించారు.

ఒక గది ఇళ్ళు, రెండు గదుల ఇళ్ళు, నాలుగూ అంతకుమించి గదులున్న ఇళ్ళు అని మూడు తరగతులుగా విభజించి, వాటి గాలిలోని కార్బన్ డయాక్సైడ్, సేంద్రియ పదార్థాలు, సూక్ష్మజీవులు ఎంతెంత ఉన్నాయో పోల్చిచూశారు. గదుల సంఖ్య తగ్గినకొద్దీ గాలి చెడడం, మరణాల రేటు పెరగడం కనిపించింది. ఈ ఫలితాలు 1887లో రాయల్ సొసైటీ పత్రికలో వెలువడ్డాయి. పేదల అనారోగ్యానికి వారి అలవాట్లే కారణమనే అభిప్రాయం బలంగా ఉన్న కాలంలో, వారి గదులలోని గాలిని అంకెలలో చూపిన పరిశోధన ఇది.

అదే కాలంలో కార్నెల్లీ, హాల్డేన్‌లు మురుగు కాలువలలోని గాలిని కూడా పరీక్షించారు. లండనులో పార్లమెంటు భవనం అడుగున ఉన్న కాలువలు కూడా వీటిలో ఉన్నాయి. మురుగు వాసన వల్లనే రోగాలు వ్యాపిస్తాయని అప్పట్లో నమ్మేవారు. అయితే మురుగు కాలువ గాలిలో సూక్ష్మజీవుల సంఖ్య అనుకున్నదానికన్న చాలా తక్కువని తేలింది. దుర్వాసన గల గాలి అంతా ప్రాణాంతకం కాదు. వాసన లేని గాలి అంతా సురక్షితమూ కాదు. ఆ తరువాత గనులలో హాల్డేన్ చేసిన పరిశోధనలన్నిటికీ ఈ రెండో విషయమే ఆధారమైంది.

ఆక్స్‌ఫర్డ్‌లో తొలి ప్రయోగాలు

1887లో హాల్డేన్ ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. మేనమామ బర్డన్ శాండర్సన్ అప్పటికే అక్కడ ఆచార్యుడు. మనుషులు విడిచిన గాలిలో ఏదో తెలియని సేంద్రియ విషం ఉంటుందనీ, ఇరుకు గదులలో కలిగే బాధకు అదే కారణమనీ ఆ రోజులలో కొందరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు వాదించారు. దీనిని తేల్చడానికి హాల్డేన్, జేమ్స్ లొరెయిన్ స్మిత్‌తో కలిసి గాలి చొరబడని పెట్టె ఒకటి చేయించి, అందులో గంటల తరబడి కూర్చున్నాడు. పెట్టెలోని కార్బన్ డయాక్సైడ్ 3, 4 శాతానికి చేరేసరికి ఆయాసం మొదలైంది. మరింత పెరిగితే తలనొప్పి వచ్చింది. ఆ వాయువును రసాయనాలతో తొలగించినప్పుడు ఆయాసం రాలేదు. కాబట్టి తెలియని విషం ఏదీ లేదనీ, కార్బన్ డయాక్సైడ్ పెరగడం, ఆక్సిజన్ తగ్గడం అనే రెండు కారణాలే చాలుననీ వారు నిర్ధారించారు.

వాయు విశ్లేషణ పరికరం

గాలిని గురించి చెప్పే ప్రతి మాటకూ కొలత ఆధారంగా ఉండాలనేది హాల్డేన్ అభిప్రాయం. అప్పటి పరికరాలు పెద్దవి, నెమ్మదిగా పనిచేసేవి. వాటి స్థానంలో ఆయన రూపొందించిన వాయు విశ్లేషణ పరికరం వివరాలు 1898లో ప్రచురితమయ్యాయి. ఆయన పేరుతోనే ప్రసిద్ధమైన ఈ పరికరం అర్ధశతాబ్దానికి పైగా వైద్య, గని ప్రయోగశాలలలో ప్రామాణికంగా నిలిచింది.

ఈ పరికరం పనిచేసే తీరు సులభంగా అర్థమవుతుంది. అంకెలు గీసిన గాజు గొట్టంలోకి పాదరసం సహాయంతో కొంత గాలిని లాగి, దాని ఘనపరిమాణాన్ని కొలుస్తారు. ఆ గాలిని పొటాష్ క్షారద్రావణంలోకి పంపితే అందులోని కార్బన్ డయాక్సైడ్‌ను క్షారం పీల్చుకుంటుంది. గాలిని తిరిగి గొట్టంలోకి తెచ్చి కొలిస్తే, తగ్గినంత మేర కార్బన్ డయాక్సైడ్ ఉన్నదన్నమాట. తరువాత పైరోగాలాల్ ద్రావణంలోకి పంపితే ఆక్సిజన్ కరిగిపోతుంది. చివరకు మిగిలినదానిని నత్రజనిగా లెక్కిస్తారు. చుట్టుపక్కల వేడి మారితే గాలి వ్యాకోచించి కొలత తప్పుతుంది. అందుచేత కొలిచే గొట్టం చుట్టూ నీటిని నింపి, దాని పక్కనే మూసివున్న మరో గాజు గొట్టాన్ని సరిపోల్చడానికి ఉంచాడు.

ఈ పరికరంతో ఆరుబయలు గాలిలో ఆక్సిజన్ 20.93 శాతం, కార్బన్ డయాక్సైడ్ 0.03 శాతం, మిగిలినది 79.04 శాతం అని హాల్డేన్ లెక్కించాడు. గాలిని విశ్లేషించే పద్ధతులపై ఆయన వ్రాసిన పుస్తకం 1912లో వెలువడింది. రక్తంలో హీమోగ్లోబిన్ పరిమాణాన్ని రంగును బట్టి కొలిచే హీమోగ్లోబినోమీటరును కూడా ఆయన మెరుగుపరచాడు.

గనులలో విషవాయువులు

గని కార్మికులు భూగర్భంలోని చెడుగాలులను ఒక్కొక్క పేరుతో పిలిచేవారు. మండే గాలిని ఫైర్ డ్యాంప్ అనీ, దీపాన్ని ఆర్పే గాలిని బ్లాక్ డ్యాంప్ అనీ, పేలుడు తరువాత మిగిలే గాలిని ఆఫ్టర్ డ్యాంప్ అనీ అనేవారు. వీటిలో ఫైర్ డ్యాంప్ ప్రధానంగా మీథేన్ అని ముందే తెలుసు. బ్లాక్ డ్యాంప్ ఒక ప్రత్యేక వాయువు కాదనీ, ఆక్సిజన్ ఖర్చయిపోయిన గాలిలో మిగిలే నత్రజని, కార్బన్ డయాక్సైడ్‌ల మిశ్రమమనీ హాల్డేన్ కనుగొన్నాడు. గాలిలో ఆక్సిజన్ సుమారు 17 శాతానికి తగ్గితే దీపం ఆరిపోతుంది. మనిషి మాత్రం అప్పటికి ఇంకా తట్టుకోగలడు. కాబట్టి దీపం ఆరడమంటే వెంటనే వెనుదిరగమని తెలిపే హెచ్చరిక. కార్బన్ మోనాక్సైడ్ ఉన్నచోట ఈ హెచ్చరిక పనికిరాదు, దీపం మామూలుగానే వెలుగుతుంది. ప్రాణాలు తీసే గాలిని దీపం పట్టి ఇవ్వలేదన్నమాట.

1896 జనవరి 27న దక్షిణ వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ బొగ్గుగనిలో జరిగిన పేలుడులో 57 మంది మరణించారు. హాల్డేన్ అక్కడికి వెళ్ళి గనిలో మృతదేహాలు పడివున్న తీరును, వాటి రంగును, రక్తాన్ని పరిశీలించాడు. పేలుడు ధాటికి, మంటలకు చనిపోయినవారు కొద్దిమందే. పెక్కుమంది దేహాలు గులాబీ రంగులో ఉన్నాయి. వారి రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ నిండివున్నది. అంటే పేలుడులో బ్రతికి బయటపడినవారు, ఆ తరువాత వ్యాపించిన ఆఫ్టర్ డ్యాంప్‌ను పీల్చి మరణించారు. అదే సంవత్సరం జరిగిన మరికొన్ని గని ప్రమాదాలను కూడా పరిశీలించి, ఆయన ప్రభుత్వానికి సమగ్రమైన నివేదిక సమర్పించాడు.

ఈ నిర్ధారణకు ఆచరణలో చాలా ప్రాధాన్యం ఉన్నది. మరణాలకు పేలుడే కారణమైతే పేలుడు జరిగిన తరువాత చేయగలిగినది ఏమీ ఉండదు. విషవాయువు కారణమైతే బ్రతికివున్నవారు ఏ దారిన బయటకు రావాలి, గాలి ప్రవాహాన్ని ఎటు మళ్ళించాలి, రక్షకదళం ఏ పరికరాలతో లోపలికి దిగాలి అన్నవి ప్రాణాలను కాపాడే ప్రశ్నలవుతాయి.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, రుచి, వాసన లేవు. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌తో కలిసేదానికన్న 200 రెట్లకు పైగా బలంగా దీనితో కలుస్తుంది. అందువల్ల గాలిలో చాలా స్వల్పంగా ఉన్నా క్రమంగా రక్తమంతా దీని వశమవుతుంది. ఈ విషయాలను హాల్డేన్ తన శరీరం మీదనే పరీక్షించుకున్నాడు. కొలిచిన మోతాదులో ఈ వాయువును పీలుస్తూ, నడుమ నడుమ వేలి నుండి రక్తపుచుక్క తీసి, దాని రంగును కార్మైన్ ద్రావణంతో పోల్చి లెక్కకట్టేవాడు. హీమోగ్లోబిన్‌లో సుమారు సగం ఆక్రమితమయ్యేవరకు ప్రయోగం సాగించాడు. ఆ స్థితిలో చూపు మసకబారి, కాళ్ళు తడబడి, నిలబడడం కష్టమయింది. ఈ ఫలితాలు 1895లో వెలువడ్డాయి. విషం సోకినవాడు తన స్థితిని తాను గుర్తించలేడని, శారీరక శ్రమ చేస్తే ఇంకా త్వరగా కూలిపోతాడని ఈ ప్రయోగాలు తెలిపాయి.

కానరీ పిట్టలు

చిన్న ప్రాణులు తమ బరువుకు తగినదానికన్న ఎంతో ఎక్కువ గాలిని పీలుస్తాయి. వాటి రక్తంలో విషవాయువు మనిషి రక్తంలో కన్న చాలా ముందుగా నిండుతుంది. దీనిని ఆధారం చేసుకొని, గనిలోకి దిగే రక్షకదళాలు తమ వెంట ఎలుకను గానీ చిన్న పిట్టను గానీ తీసుకువెళ్ళాలని హాల్డేన్ సూచించాడు. ఎలుక కన్న కానరీ పిట్ట మేలని అనుభవంలో తేలింది. పిట్ట కొయ్యమీద నుండి జారి పడితే అందరికీ కనిపిస్తుంది. అప్పటికి మనుషులు వెనుదిరిగి రావడానికి కొంత వ్యవధి మిగిలి ఉంటుంది. వెంటనే మంచి గాలిలోకి తెస్తే పిట్ట తిరిగి తేరుకునేది. బ్రిటిష్ గనులలో ఈ ఆచారం ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం కొనసాగింది. ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చిన తరువాత, కానరీలను తొలగించే నిర్ణయాన్ని 1986 చివరలో ప్రకటించారు.

శ్వాసక్రియ నియంత్రణ

1905లో హాల్డేన్, జాన్ గిలీస్ ప్రీస్ట్లీతో కలిసి శ్వాసక్రియపై ఒక ముఖ్యమైన పరిశోధనాపత్రం ప్రచురించాడు. ఊపిరితిత్తుల లోతులలో ఉండే గాలిని సేకరించడానికి వారు ఒక సులభమైన ఉపాయం కనిపెట్టారు. మనిషి పొడవైన గొట్టంలోకి బలంగా ఊపిరి వదలిన తరువాత, చివరగా వచ్చిన గాలిని నోటి దగ్గర నుండి పట్టుకోవడమే ఆ ఉపాయం. ఆ గాలిలో కార్బన్ డయాక్సైడ్ పీడనం సుమారు 40 మిల్లీమీటర్ల పాదరస మట్టం వద్ద దాదాపు స్థిరంగా ఉంటుందని, అది కొద్దిగా పెరిగినా ఊపిరి వేగం పుంజుకుంటుందని వారు చూపారు. అంటే సాధారణ స్థితిలో మన శ్వాసను నడిపించేది ఆక్సిజన్ కొరత కాదు, కార్బన్ డయాక్సైడ్. ఆక్సిజన్ తక్కువైన గాలిలో మనిషి ఆయాసమనే హెచ్చరిక లేకుండానే స్పృహ తప్పడానికి కారణం ఇదే.

1914లో క్రిస్టియన్‌సెన్, డగ్లస్‌లతో కలిసి చేసిన పరిశోధనలో, ఆక్సిజన్‌ను వదలిన రక్తం ఎక్కువ కార్బన్ డయాక్సైడ్‌ను మోసుకుపోగలదని తేలింది. శరీరధర్మ శాస్త్ర గ్రంథాలలో దీనిని హాల్డేన్ ప్రభావం అంటారు.

1911లో హాల్డేన్ నాయకత్వాన ఒక బృందం అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో పైక్స్ శిఖరంపై సుమారు ఐదు వారాలు మకాం వేసింది. దాని ఎత్తు దాదాపు 4,300 మీటర్లు. పలుచని గాలికి శరీరం ఎలా అలవాటు పడుతుందో వారు అక్కడ పరిశీలించారు. మేబెల్ ఫిట్జ్‌జెరాల్డ్ అదే సమయంలో కొలరాడోలోని గని పట్టణాలలో తిరిగి విలువైన సమాచారం సేకరించింది.

గజఈతగాళ్ళ రక్షణ

సముద్రం లోతులలో పనిచేసే గజఈతగాళ్ళకు రెండు ప్రమాదాలుండేవి. లోతుకు దిగినప్పుడు ఆయాసంతో పనిచేయలేకపోయేవారు. పైకి వచ్చిన తరువాత కీళ్ళనొప్పులు, పక్షవాతం, ఒక్కొక్కసారి మరణం సంభవించేవి. బ్రిటిష్ నౌకాదళం కోరిక మేరకు హాల్డేన్ ఈ సమస్యను చేపట్టాడు.

ఆయాసానికి కారణం శిరస్త్రాణంలో పేరుకుపోయే కార్బన్ డయాక్సైడ్ అని ఆయన కనుగొన్నాడు. నీటిలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 30 మీటర్ల లోతులో పీడనం నాలుగు రెట్లు. అక్కడ గాలిలో 1 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉంటే, శరీరంపై దాని ప్రభావం నేలమీద 4 శాతం ఉన్నప్పటిదానితో సమానం. కాబట్టి లోతు పెరిగినకొద్దీ పైనుండి పంపే గాలిని అదే నిష్పత్తిలో పెంచాలని హాల్డేన్ సూచించాడు.

రెండవ ప్రమాదానికి కారణం ఒత్తిడిలో రక్తంలోనూ కణజాలంలోనూ కరిగిన నత్రజని. పైకి త్వరగా వస్తే అది బుడగలుగా విడివడుతుంది. మేకలను ఇనుప గదిలో ఉంచి చేసిన ప్రయోగాలలో, పీడనాన్ని ఒకేసారి సగానికి తగ్గించినా సాధారణంగా ప్రమాదం లేదని కనిపించింది. ఈ సూత్రాన్ని అనుసరించి, లోతులో సగం పీడనం వరకు త్వరగా వచ్చి, ఆ తరువాత అంచెలంచెలుగా ఆగుతూ పైకి రావాలని ఆయన పట్టికలు తయారుచేశాడు. 1906లో స్కాట్లండు తీరాన స్పాంకర్ అనే నౌక నుండి నౌకాదళానికి చెందిన డామెంట్, క్యాటో అనే ఇద్దరు ఈ పద్ధతిని పాటించి 210 అడుగుల లోతుకు దిగి క్షేమంగా తిరిగివచ్చారు. బాయ్‌కాట్, డామెంట్‌లతో కలిసి వ్రాసిన పత్రం 1908లో వెలువడింది. నేటి గజఈత పట్టికలు, మణికట్టు కంప్యూటర్లు ఎంతో మారినా వాటికి పునాది ఈ పత్రమే.

కర్మాగారాలు, ఇతర గనులు

కర్మాగారాలలో గాలి ప్రసరణపై బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన సంఘంలో హాల్డేన్ ప్రముఖపాత్ర వహించాడు. కార్న్‌వాల్‌లోని తగరపు గని కార్మికులలో కనిపించిన రక్తహీనతకు కొంకిపురుగు కారణమని బాయ్‌కాట్‌తో కలిసి నిర్ధారించాడు. వేడిగా ఉండే చోట్ల మనిషి ఎంత తట్టుకోగలడో నిర్ణయించేది మామూలు ఉష్ణమాపకం కాదనీ, గాలిలోని తేమను కూడా లెక్కలోకి తీసుకునే తడిబల్బు ఉష్ణమాపకమనీ 1905లో చూపాడు. గాలి కదలిక లేని చోట తడిబల్బు ఉష్ణోగ్రత సుమారు 31 డిగ్రీల సెల్సియస్ దాటితే శరీరం వేడెక్కడం మొదలవుతుందని ఆయన ప్రయోగాలు తెలిపాయి.

1912లో గనుల పరిశోధనకు డాన్‌కాస్టర్ వద్ద ఏర్పడిన ప్రయోగశాలకు హాల్డేన్ అధిపతి అయ్యాడు. ఈ ప్రయోగశాల 1921లో బర్మింగ్‌హాంకు మారింది. అక్కడ ఆయన సహచరుడైన ఐవన్ గ్రాహం, బొగ్గు తనంతట తాను వేడెక్కడాన్ని ముందుగా గుర్తించేందుకు ఒక నిష్పత్తిని ప్రతిపాదించాడు. గని గాలిలో తగ్గిన ఆక్సిజన్‌తో పుట్టిన కార్బన్ మోనాక్సైడ్‌ను పోల్చడమే ఈ గ్రాహం నిష్పత్తి. భారతదేశపు బొగ్గుగనులలో కూడా దీనిని వాడుతున్నారు.

మొదటి ప్రపంచ యుద్ధం

1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ వద్ద జర్మన్ సైన్యం విషవాయువును ప్రయోగించింది. యుద్ధమంత్రి కిచెనర్ కోరగా హాల్డేన్ కొద్దిరోజులలోనే యుద్ధరంగానికి వెళ్ళి, బాధితులను పరిశీలించి, ఆ వాయువు క్లోరిన్ అని ధ్రువపరచాడు. సైనికులకు హడావిడిగా పంపిణీ చేసిన దూదిమెత్తల ముసుగులు పనికిరావని తెలిపి, మెరుగైన ముసుగుల తయారీకి తోడ్పడ్డాడు. వాటిని పరీక్షించేందుకు క్లోరిన్ నింపిన గదిలోకి తానూ సహచరులూ స్వయంగా వెళ్ళేవారు. సైన్యంలో ఉన్న కుమారుడు జె.బి.ఎస్. కూడా ఆ పరీక్షలలో పాల్గొన్నాడు.

అదే సమయంలో కుటుంబానికి కష్టకాలం వచ్చింది. జర్మనీలో చదివిన అన్న రిచర్డ్‌పై పత్రికలు శత్రుపక్షపాతి అనే ముద్రవేయగా, 1915 మేలో ఆయన పదవి కోల్పోయాడు. హాల్డేన్ మాత్రం విషవాయువు బాధితుల చికిత్స వైపు దృష్టి సారించాడు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారికి ఆక్సిజన్‌ను కొలతప్రకారం, ఎడతెగకుండా అందించే ముసుగును రూపొందించి 1917లో దాని వివరాలు ప్రచురించాడు. ఆధునిక ఆక్సిజన్ చికిత్సకు పునాదివేసిన వారిలో ఆయన ఒకడు.

నిలవని అభిప్రాయాలు

హాల్డేన్ అభిప్రాయాలన్నీ కాలపరీక్షకు నిలవలేదు. ఊపిరితిత్తులు ఆక్సిజన్‌ను తమంత తాముగా రక్తంలోకి స్రవిస్తాయని ఆయన చివరివరకు నమ్మాడు. డెన్మార్కుకు చెందిన ఆగస్ట్ క్రోగ్, కేంబ్రిడ్జికి చెందిన జోసెఫ్ బార్‌క్రాఫ్ట్ చేసిన ప్రయోగాలు దీనిని కాదన్నాయి. ఆక్సిజన్ పీడన భేదం వల్లనే రక్తంలోకి చేరుతుందనేది ఇప్పుడు స్థిరపడిన విషయం.

రాతిధూళిలోని సిలికా ఊపిరితిత్తులను పాడుచేస్తుందని గుర్తించిన హాల్డేన్, బొగ్గుధూళి వల్ల మాత్రం చెప్పుకోదగ్గ హాని లేదని భావించాడు. ఆయన మాటకు గల విలువ వల్ల ఈ అభిప్రాయానికి బలం చేకూరింది. బొగ్గుధూళి వల్లనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుందని ఆయన మరణం తరువాత జరిగిన పరిశోధనలు నిర్ధారించాయి. నిమిషాలలో చంపే వాయువును పట్టుకున్న శాస్త్రజ్ఞుడు, దశాబ్దాలపాటు పేరుకొనే ధూళి విషయంలో పొరబడ్డాడు.

తత్త్వచింతన, రచనలు

జీవాన్ని కేవలం యంత్రంగా భావించే దృష్టిని హాల్డేన్ అంగీకరించలేదు. జీవిని దాని పరిసరాల నుండి విడదీసి అర్థం చేసుకోలేమని ఆయన వాదించాడు. 1927-28లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో గిఫర్డ్ ఉపన్యాసాలు ఇచ్చాడు. శ్వాసక్రియపై ఆయన ప్రామాణిక గ్రంథం రెస్పిరేషన్ 1922లో వెలువడింది. ప్రీస్ట్లీతో కలిసి దాని రెండవ ముద్రణను 1935లో తెచ్చాడు.

కుటుంబం

హాల్డేన్ 1891లో లూయిజా కాత్లీన్ ట్రాటర్‌ను వివాహమాడాడు. వీరికి ఇద్దరు సంతానం. కుమారుడు జె.బి.ఎస్. హాల్డేన్ (1892-1964) చిన్నతనం నుండే తండ్రి ప్రయోగాలలో సహాయకుడు. ఒకసారి గనిలో తండ్రి అతనిని లేచి నిలబడి షేక్స్‌పియర్ నాటకంలోని ప్రసంగం ఒకటి చదవమన్నాడు. పైకప్పు దగ్గర చేరిన మీథేన్ వల్ల బాలుడు కొద్దిసేపటికే కూలబడ్డాడు. నేలకు చేరగానే తేరుకున్నాడు. మీథేన్ గాలికన్న తేలికైనదనే పాఠం అతనికి అలా అబ్బింది. 13 ఏళ్ళ వయసులో 1906 నాటి గజఈత పరీక్షలలో కూడా నీటిలోకి దిగాడు. కుమార్తె నయోమి మిచిసన్ (1897-1999) ప్రసిద్ధ రచయిత్రి.

జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడి, భారత పౌరసత్వం స్వీకరించాడు. ఇక్కడ ఆయన శిష్యులలో తెలుగువాడైన ద్రోణంరాజు కృష్ణారావు ఒకడు. జె.బి.ఎస్. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో మరణించాడు. ఆయన కోరిక ప్రకారం భౌతికకాయాన్ని వైద్యవిద్యార్థుల ఉపయోగార్థం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు.

గౌరవాలు, మరణం

హాల్డేన్ 1897లో రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నికయ్యాడు. 1916లో రాయల్ పతకం, 1934లో కోప్లీ పతకం పొందాడు. 1928లో కంపానియన్ ఆఫ్ ఆనర్ బిరుదు లభించింది. 1907 నుండి 1913 వరకు ఆక్స్‌ఫర్డ్‌లో రీడరుగా పనిచేసినా, అక్కడి శరీరధర్మ శాస్త్ర ఆచార్య పదవి ఆయనకు దక్కలేదు. 1913లో ఆ పదవిలో చార్లెస్ షెరింగ్టన్ నియమితుడయ్యాడు.

75 ఏళ్ళ వయసులో కూడా హాల్డేన్ పరిశోధన మానలేదు. చమురుశుద్ధి కర్మాగారాలలో వడదెబ్బ కేసులను పరిశీలించడానికి పర్షియా వెళ్ళివచ్చిన తరువాత న్యుమోనియా సోకి, 1936 మార్చి 14-15 నడిరాత్రి ఆక్స్‌ఫర్డ్‌లో మరణించాడు.

హాల్డేన్ తరువాత గాలి పరీక్ష

హాల్డేన్ పరికరం సుమారు పదివేలలో ఒక వంతు వరకు తేడాను పట్టగలిగేది. కార్బన్ మోనాక్సైడ్ విషయంలో ఇది చాలదు. అందుకే ఆయన రక్తపు రంగునూ పిట్టలనూ ఆశ్రయించాడు. ఈ లోటును తీర్చినది గ్యాస్ క్రొమటోగ్రఫీ. దీనిని ఆర్చర్ మార్టిన్, ఆంథొనీ జేమ్స్ అనే శాస్త్రవేత్తలు 1952లో ప్రకటించారు. ఈ పద్ధతిలో గాలి నమూనాను హీలియం వంటి వాహక వాయువుతో కలిపి, ప్రత్యేక పదార్థం నింపిన సన్నని పొడవాటి గొట్టంలోకి పంపుతారు. ఒక్కొక్క వాయువు ఆ పదార్థాన్ని ఒక్కొక్క మేరకు అంటిపెట్టుకొని, వేర్వేరు సమయాలకు అవతలి కొసకు చేరుతుంది. అక్కడి గ్రాహకం వాటిని వరుసగా శిఖరాల రూపంలో నమోదు చేస్తుంది. వచ్చిన సమయాన్ని బట్టి ఏ వాయువో, శిఖరం వైశాల్యాన్ని బట్టి అది ఎంతో తెలుస్తుంది. అతి స్వల్పంగా ఉన్న కార్బన్ మోనాక్సైడ్‌ను నికెల్ ఉత్ప్రేరకం మీద హైడ్రోజన్‌తో కలిపి మీథేన్‌గా మార్చి, జ్వాలా గ్రాహకంతో కొలుస్తారు. ఇలా పది లక్షల భాగాలలో ఒక భాగం కన్న తక్కువ ఉన్నా గుర్తించవచ్చు.

గజఈతగాళ్ళు, అగ్నిమాపక సిబ్బంది వాడే సిలిండర్లలో నింపే గాలిని పరీక్షించడానికి ఈ పద్ధతి ఉపయోగపడుతున్నది. గాలిని కుదించే యంత్రం వేడెక్కి అందులోని నూనె మాడితే, లేదా దాని గాలిగొట్టం వాహనాల పొగ దగ్గర ఉంటే, సిలిండరులోకి కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. ఐరోపా ప్రమాణం ప్రకారం ఇటువంటి గాలిలో ఈ వాయువు పది లక్షల భాగాలలో 5 భాగాలు మించరాదు. 40 మీటర్ల లోతులో పీడనం ఐదు రెట్లు కాబట్టి దాని ప్రభావమూ ఐదు రెట్లు పెరుగుతుంది. ఇంత కఠినమైన పరిమితి విధించడానికి ఆధారం, లోతు పెరిగినకొద్దీ వాయువుల ప్రభావం పెరుగుతుందని హాల్డేన్ చూపిన సూత్రమే. బొగ్గుగనులలో గ్రాహం నిష్పత్తికి కావలసిన అంకెలను కూడా నేడు గ్యాస్ క్రొమటోగ్రఫీ ద్వారా పొందుతున్నారు. పరికరాలు మారినా, మనిషి పీల్చకముందే గాలిని కొలవాలనే నియమం గనులలోనూ నీటి అడుగునా కొనసాగుతున్నది.